ఒక్కడినే ప్రాక్టీస్ చేస్తున్నా: చేతులు కుదిరాయి, నిర్ణయం కుదరడం లేదు

సుబేదారి_కెన్ · శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. హన్మకొండలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నా. ఏడు నెలలుగా స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేమ్ ఆడుతున్నా, అందులో కెన్ అనే ఒక్క పాత్రతోనే. మా హాస్టల్‌లో ఈ ఆట ఆడేవాళ్లు ఇంకెవరూ లేరు. అందరూ ఫోన్లో షూటింగ్ గేములే ఆడతారు. అందుకే రోజూ రాత్రి గంటసేపు ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీ (బొమ్మ ప్రత్యర్థి)తో ప్రాక్టీస్, ఆ తరవాత ఆన్‌లైన్‌లో నాలుగైదు ర్యాంక్ మ్యాచ్‌లు.

ట్రైనింగ్ మోడ్‌లో కార్నర్ కాంబో (ఎదుటివాణ్ని తెర అంచుకు నెట్టి వరసగా కొట్టే దెబ్బలు) పదికి తొమ్మిది సార్లు పడుతుంది. షోర్యూకెన్, అంటే ఎగిరి వచ్చేవాణ్ని కొట్టే పైదెబ్బ, రెండు వైపుల నుంచీ వస్తుంది. మ్యాచ్‌లోకి వెళ్తే మాత్రం ఎదుటివాడు ఎగిరి వస్తుంటే చూస్తూ నిలబడిపోతున్నా. కింద పడ్డాక లేచేటప్పుడు ఏం చేయాలో తెలియక ప్రతిసారీ ఏదో ఒక బటన్ కొట్టేస్తున్నా. మూడు నెలలుగా గోల్డ్ ర్యాంకులోనే ఉన్నా. ఓడినందుకు బాధ లేదు. ఎందుకు ఓడానని ఎవరైనా అడిగితే ఒక్క మ్యాచ్‌కి కూడా జవాబు చెప్పలేను, అదే బాధ.

కాంబోలు ఒంటరిగా నేర్చుకోవచ్చని అర్థమైంది. నిర్ణయం తీసుకోవడం కూడా ఒంటరిగా నేర్చుకోవచ్చా? మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

గోదావరిఖని_గైల్ · శనివారం రాత్రి 11:58

నేర్చుకోవచ్చు తమ్మీ. కానీ నువ్వు ఇప్పుడు చేస్తున్నది అది కాదు. డమ్మీ కదలకుండా నిలబడింది. ఏం చేయాలో నీకు ముందే తెలుసు. షోర్యూకెన్ కొడదామని కూర్చున్నావు, కొట్టావు. మ్యాచ్‌లో ఉండే కష్టం వేరు. ఇప్పుడు కొట్టాలా వద్దా అన్నది అక్కడ ప్రశ్న. ట్రైనింగ్ మోడ్‌లో ఆ ప్రశ్న నిన్ను ఎవరూ అడగడం లేదు. నువ్వే డమ్మీ చేత అడిగించాలి.

నాది సింగరేణిలో షిఫ్టు డ్యూటీ. నేను ఖాళీగా ఉండే వేళకు ఆన్‌లైన్‌లో మంచి కనెక్షన్ ఉన్నవాళ్లు దొరకరు. అందుకే నా ఆట చాలావరకు డమ్మీతోనే నడిచింది. నేను ఏం చేస్తానో చెప్తా.

ఈ గేమ్‌లో డమ్మీ కదలికలు రికార్డ్ చేయడానికి 8 స్లాట్లు ఉన్నాయి. మొదటి దాంట్లో ముందుకు, వెనక్కి నడవడం మాత్రమే పెట్టు. రెండో దాంట్లో అలాగే కాసేపు నడిచి ఎగిరి తన్నాలి. మూడో దాంట్లో నడిచి ఫైర్‌బాల్ వేయాలి. నాలుగో దాంట్లో నడిచి డ్రైవ్ ఇంపాక్ట్ (కాస్త ఆలస్యంగా తగిలే పెద్ద దెబ్బ) కొట్టాలి. అన్నీ ఆన్ చేస్తే డమ్మీ తనకు నచ్చింది ఎంచుకుంటుంది. ఇప్పుడు నీకు నిజంగానే ఏం వస్తుందో తెలియదు. ఎగిరితే షోర్యూకెన్, ఇంపాక్ట్ వస్తే తిరిగి ఇంపాక్ట్, ఊరికే నడుస్తుంటే నువ్వూ ఊరికే ఉండాలి. ఊరికే ఉండటం కూడా ఒక నిర్ణయమే. అది ప్రాక్టీస్ చేసేవాళ్లు చాలా తక్కువ.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. మొదట్లో నా రికార్డింగులన్నీ మొదలైన ఒక్క సెకనుకే ఎగిరేవి. నాలుగు రోజులు బాగా ఆడాననుకున్నా. తీరా చూస్తే నేను పట్టుకున్నది ఎగరడాన్ని కాదు, ఆ సెకను తాళాన్ని. మ్యాచ్‌లో ఆ తాళం లేదు, నా షోర్యూకెన్ కూడా లేదు. కాబట్టి ఒక్కో స్లాట్‌లో వేరే వేరే సమయం పెట్టు. ఒకటి వెంటనే ఎగరాలి, ఒకటి రెండు సెకన్లు ఆగాలి, ఒకటి ఎగరబోయినట్టు ముందుకు నడిచి ఆగిపోవాలి.

భద్రకాళి_బండ్ · ఆదివారం ఉదయం 7:05

టీవీ మీద ఆడుతున్నావా తమ్ముడూ? అయితే ముందు టీవీలో గేమ్ మోడ్ (నొక్కింది తెర మీద ఆలస్యంగా కనపడకుండా చేసే సెట్టింగ్) ఆన్ చేసి ఉందో లేదో చూడు. నేను ఆరు నెలలు అది చూడకుండా నా చేతులనే తిట్టుకున్నా.

సుబేదారి_కెన్ · ఆదివారం ఉదయం 9:40

లేదన్నా, ల్యాప్‌టాప్, కీబోర్డు. గైల్ అన్నా, రాత్రే నాలుగు స్లాట్లూ పెట్టి చూశా. ఎగరడం ఒక్కటే ఉంటే పదికి ఎనిమిది పట్టుకున్నా. నాలుగూ కలిపేసరికి మూడు కూడా రాలేదు. నా రియాక్షన్లే తక్కువా?

గోదావరిఖని_గైల్ · ఆదివారం మధ్యాహ్నం 2:15

తక్కువ కాదు. లెక్క చూడు. ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లు, అంటే 60 బొమ్మలు, నడుస్తుంది. ఒక మామూలు ఎగురు మొదలు నుంచి చివరిదాకా సుమారు 45 ఫ్రేమ్‌లు, అంటే ముప్పావు సెకను. డ్రైవ్ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేమ్‌లు, అర సెకను కంటే కొంచెం తక్కువ. ఒక్క దీపం వెలిగితే ఒక్క బటన్ నొక్కడానికి మామూలు మనిషికి 12 నుంచి 15 ఫ్రేమ్‌లు చాలు. ఒక్కటే చూస్తుంటే ఇంపాక్ట్ కూడా తేలికే.

ఎదురుచూసేవి పెరిగే కొద్దీ అందుకు పట్టే సమయం పెరుగుతుంది. దీపాలు పెరిగే కొద్దీ జవాబు ఆలస్యమవుతుందని హిక్ అనే పరిశోధకుడు 1952లోనే కొలిచి చూపించాడు. నీకు ఎనిమిది నుంచి మూడుకు పడింది అందుకే. ఫైర్‌బాల్ స్లాట్, ఇంపాక్ట్ స్లాట్ తీసెయ్. నడక, ఎగురు రెండే ఉంచు. పదికి ఎనిమిది వచ్చాక మూడోది కలుపు. ఏది కలిపినప్పుడు ఏది పాడైందో రాసి పెట్టుకో. నాకైతే ఫైర్‌బాల్ కలపగానే ఎగురు కనిపించకుండా పోయేది.

కాజీపేట_జంక్షన్ · ఆదివారం సాయంత్రం 6:30

గైల్ తమ్ముడు చెప్పింది మంచి పద్ధతే. కానీ నేను పూర్తిగా ఒప్పుకోను.

నా వయసు 41. మా చిన్నప్పుడు కాజీపేట స్టేషన్ రోడ్డు వైపు వీడియో గేమ్ పార్లర్ ఉండేది. రూపాయి కాయిన్ వేసి కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 ఆడేవాళ్లం. జేబులో రెండు రూపాయలే ఉండేవి, కాబట్టి ఆడిన దానికంటే వెనక నిలబడి చూసిందే ఎక్కువ. ఒకాయన ఉండేవాడు, రైల్వేలో పని. కింద పడితే ప్రతిసారీ రోల్ చేసి లేచేవాడు. వెనక నిలబడ్డ పిల్లలందరికీ అది తెలుసు, ఆయనకు మాత్రం తెలియదు. ఎదుటి మనిషి అలవాటు చదవడం నేను నేర్చుకున్నది అక్కడే.

డమ్మీకి అలవాటు లేదు, భయం లేదు. ప్రాణం తగ్గితే చేతులు వణకవు. రెండుసార్లు త్రో (పట్టుకుని విసిరేయడం) తింటే మూడోసారి ఎగిరిపోవాలని దానికి అనిపించదు. నిర్ణయం అంటే ఎదుట మనిషి ఉండాలి. లాహోర్ నుంచి వచ్చి 2019లో ఒకే ఏడాది ఫైటింగ్ గేముల పెద్ద పోటీలు ఇవో జపాన్, ఇవో రెండూ గెలిచిన, టెక్కెన్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్ ఆటగాడు అర్స్‌లాన్ యాష్‌ని చూడండి. బయటి ప్రపంచానికి ఆయన కొత్త. కానీ ఆయన ఒంటరిగా తయారైనవాడు కాదు. రోజూ ఎదురెదురుగా కూర్చుని ఆడే గట్టి ఆటగాళ్లు పాకిస్తాన్‌లో ఆయన చుట్టూ ఉన్నారు.

కరీంనగర్_రైడర్ · ఆదివారం రాత్రి 9:12

కాజీపేట అన్నా, మీ మాట నిజమే. కానీ ఒక విషయం చెప్పాలి. నేను కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడేవాణ్ని, రైడర్‌ని. మా ఊళ్లో తెల్లారి అయిదింటికి గ్రౌండ్‌లో నేను ఒక్కడినే ఉండేవాణ్ని. మా పీఈటీ సారు ముగ్గుతో గీతలు గీయించి, తను గట్టు మీద కూర్చునేవారు. నేను కూత పెట్టి రైడ్‌కి వెళ్లేవాణ్ని. కూత మధ్యలో సారు ఉన్నట్టుండి ‘అయిదుగురు’ అని అరిచేవారు. అంటే ఎదుట ఆరుగురు లేరు, బోనస్ గీత దాటినా పాయింట్ రాదు. అప్పుడు కాలు బోనస్ వైపు పోకూడదు. ‘ఏడుగురు’ అంటే పోవచ్చు. ‘మూడో రైడ్’ అంటే ముందు రెండూ ఖాళీగా వచ్చాయని, ఇది డూ ఆర్ డై అని అర్థం. ఖాళీగా తిరిగొస్తే నేనే ఔట్.

ఎదుట ఒక్క డిఫెండర్ కూడా లేడు. అయినా నేను నేర్చుకున్నది నిర్ణయమే. ఎందుకంటే పరిస్థితి మారగానే నా కాలు మారాలి. మనుషులతో ఆడేటప్పుడు ఆ 30 సెకన్లలో బోనస్ ఉందా లేదా అని ఆలోచించే పని ఉండేది కాదు. మిగిలిన బుర్రంతా ఎదుటివాళ్ల కాళ్ల మీద పెట్టేవాణ్ని.

తమ్ముడు కూడా డమ్మీ కదలికలతో పాటు పరిస్థితిని మార్చి చూడాలి. డ్రైవ్ గేజ్ (ఇంపాక్ట్ లాంటి వాటికి ఖర్చయ్యే శక్తి) ఆరు గళ్లూ నిండుగా ఉన్నప్పుడు ఒక రకం, అది అయిపోయి బర్నౌట్‌లో ఉన్నప్పుడు ఒక రకం. బర్నౌట్‌లో బ్లాక్ చేసినా ప్రాణం కొద్దికొద్దిగా పోతుంది. అప్పుడు గోడకు ఆనుకుని ఇంపాక్ట్ తింటే బ్లాక్ చేసినా స్టన్ అవుతాం, కాసేపు కదల్లేం. అదే ఎగురు, అదే కెన్, కానీ చేయాల్సిన పని వేరు.

సుబేదారి_కెన్ · ఆదివారం రాత్రి 11:45

రైడర్ అన్నా, ఇది నాకు బాగా ఎక్కింది. రేపటి నుంచి గేజ్ మార్చి మార్చి ఆడతా.

లేచేటప్పటి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కింద పడ్డాక ఎదుటివాడు దగ్గరికొచ్చి త్రో చేస్తాడు. త్రో టెక్ (నేనూ అప్పుడే త్రో నొక్కి విడిపించుకోవడం) కొడదామంటే వాడు ఒక అడుగు వెనక్కి వేసి నా త్రో గాల్లోకి పోయేలా చేసి పెద్ద కాంబో కొడతాడు. సరే బ్లాక్ చేద్దామంటే మళ్లీ త్రో. ఇది చూసి రియాక్ట్ అయ్యేది కాదు కదా? త్రో 5 ఫ్రేమ్‌లకే వచ్చేస్తుంది. మరి ఇది ఊహేనా? ఊహ అయితే ప్రాక్టీస్ చేసేది ఏముంది?

వడ్డేపల్లి_లెక్కలు · సోమవారం రాత్రి 8:50

ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే కానీ రాయలేదు. ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను.

బాబూ, ఇది ఊహే. కానీ కొలతతో వేసే ఊహ. ఒక్కసారి కాగితం తీసుకో.

ఎదుటివాడికి రెండే దారులు ఉన్నాయనుకుందాం: త్రో చేయడం, లేదా వెనక్కి అడుగేసి నీ టెక్ కోసం కాచుకోవడం, అంటే షిమ్మీ. నీకూ రెండే: బ్లాక్ చేస్తూ ఉండటం, లేదా టెక్ కొట్టడం. నువ్వు బ్లాక్‌లో ఉండగా త్రో చేస్తే నీ ప్రాణంలో 1200 నష్టం. ఎక్కువ పాత్రల మామూలు త్రో అంతే ఉంటుంది. నువ్వు టెక్ కొట్టినప్పుడు వాడు షిమ్మీ చేస్తే పనిష్ కౌంటర్‌తో, అంటే నీ తప్పుకు శిక్షగా అదనపు దెబ్బతో, కాంబో పడుతుంది. దాన్ని 3000 అనుకుందాం. త్రోకి టెక్ పడితే సున్నా. షిమ్మీకి నువ్వు ఊరికే బ్లాక్ చేస్తూ ఉంటే సున్నా.

ఇప్పుడు నువ్వు ఎంత తరచుగా టెక్ కొట్టాలి? వాడు ఏ దారి ఎంచుకున్నా వాడికి ఒకే లాభం వచ్చేలా కొట్టాలి. అప్పుడు నిన్ను చదివినా వాడికి అదనంగా దొరికేది ఏమీ ఉండదు. నువ్వు టెక్ కొట్టే వంతు ‘ట’ అనుకో. త్రో చేస్తే వాడికి సగటున 1200 × (1 − ట). షిమ్మీ చేస్తే 3000 × ట. రెండూ సమానం చేస్తే ట విలువ 1200 బై 4200. అంటే ఏడింట రెండు. మూడు సార్లలో ఒకసారి కంటే కూడా కొంచెం తక్కువే. నువ్వు ప్రతిసారీ కొడుతున్నావు. నీ సమస్య చేతుల్లో లేదు, ఈ వంతులో ఉంది.

వాడి వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. అదే లెక్క వాడికి వేస్తే ఏడింట అయిదు సార్లు త్రో చేయాలి, రెండు సార్లే షిమ్మీ. పెద్ద దెబ్బ షిమ్మీలో ఉంది కదా, అదే ఎక్కువ చేయాలని మనసుకు అనిపిస్తుంది. కానీ 3000 భయం ఉన్నందువల్లే నువ్వు టెక్ కొట్టడం తగ్గిస్తావు. నువ్వు తగ్గించినందువల్లే వాడికి త్రో పండుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైన రోజు నాకు రెండు గంటలు నిద్ర పట్టలేదు.

ఇక ప్రాక్టీస్. డమ్మీని నిన్ను కింద పడేసేలా పెట్టి, రెండు రికార్డింగులు ఉంచు: త్రో, షిమ్మీ. పక్కన ఒక పాచిక పెట్టుకో. పడగానే పాచిక వెయ్యి. ఒకటి, రెండు వస్తే టెక్. మిగతావి వస్తే బ్లాక్. అది మూడింట ఒకటి, మన లెక్కకు దగ్గర. ఏది వచ్చినా మనసు మార్చుకోకూడదు. వంద సార్లు చెయ్యి. ‘ఇప్పుడు త్రో వస్తుందేమో’ అని లోపల పుట్టే గాభరాకు లొంగకుండా ఉండటం నేర్చుకునేది ఆ వందలోనే.

మ్యాచ్‌లో పాచిక ఉండదు కదా అంటావు. పైన గడియారం ఉంది. నువ్వు పడ్డ క్షణంలో దాని చివరి అంకె చూడు. 0, 1, 2 అయితే టెక్, లేకపోతే బ్లాక్. పదింట మూడు. పడి లేచే లోపు చూడటానికి సమయం సరిపోతుంది. మిగతా వేళల్లో కళ్లు అటు తిప్పకు.

కాజీపేట_జంక్షన్ · సోమవారం రాత్రి 10:05

సార్, లెక్క చాలా బాగుంది. కానీ మనుషులు ఏడింట రెండు ఆడరు. నా ఎదుట కూర్చున్నవాడు అయిదు సార్లు వరసగా త్రో చేస్తుంటే నేను గడియారం చూసి బ్లాక్ చేస్తూ కూర్చోవాలా?

వడ్డేపల్లి_లెక్కలు · సోమవారం రాత్రి 10:40

కూర్చోకూడదు. వాడు అయిదు సార్లు త్రోనే చేశాడని మీరు చూశారు కాబట్టి ఆరోసారి టెక్ కొట్టండి. ఈ వంతు ఎందుకంటే, ఎదుటివాడి గురించి ఏమీ తెలియనప్పుడు నిలబడటానికి ఒక చోటు కావాలి. అక్కడి నుంచి ఎటు కదలాలో మీ పార్లర్ చదువు చెప్తుంది. నిలబడే చోటే లేనివాడికి కదలడం ఎలా తెలుస్తుంది? బాబు ఇప్పుడు ఉన్నది ఆ స్థితిలో.

ఇంకో రెండు ముఖ్యమైన మాటలు. ఈ అంకెలు మారతాయి. కార్నర్‌లో త్రో తింటే 1200తో పోదు, అక్కడే పడి మళ్లీ అదే పరీక్ష రాయాలి. కాబట్టి అక్కడ త్రో విలువ 2000 అనుకుంటే టెక్ వంతు 2000 బై 5000, అంటే పదింట నాలుగు. ఇక నీ ప్రాణం 1200 లోపు మిగిలిందనుకో. అప్పుడు త్రో తిన్నా చస్తావు, కాంబో తిన్నా చస్తావు. రెండూ సమానం. అప్పుడు టెక్ సగానికి సగం. చాలామంది ప్రాణం తగ్గగానే భయపడి బ్లాక్‌లో బిగుసుకుపోతారు. లెక్క ప్రకారం అప్పుడే ఎక్కువ టెక్ కొట్టాలి.

నేను లేవగానే కొట్టే దెబ్బ, షోర్యూకెన్ లాంటివి కలపలేదు. ముందు ఈ నాలుగు గళ్లు కుదరనివ్వండి.

ఇందూరు_లిలీ · మంగళవారం మధ్యాహ్నం 1:30

నిజామాబాద్ నుంచి. నేను టెక్కెన్ 8 ఆడతాను. కానీ ఇది రెండు ఆటలకూ పనికొస్తుంది.

మీరందరూ డమ్మీ గురించే మాట్లాడుతున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది నా రీప్లేలు. అయితే చూసే పద్ధతి ఉంది. నేను ఇదివరకు భోజనం చేస్తూ చూసేదాన్ని. అలా చూస్తే ఏమీ రాదు, ఓడిన మ్యాచ్ మళ్లీ ఓడినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. ఓడిన మ్యాచ్ ఒక్కటే తీసుకుంటా. ఎవరో ఒకరు పడిన ప్రతిసారీ, నా దెబ్బను ఎదుటివాళ్లు బ్లాక్ చేసిన ప్రతిసారీ పాజ్ చేస్తా. పాజ్‌లో ఉండగానే నోరు తెరిచి చెప్తా: ‘ఇప్పుడు నాకున్న దారులు ఇవి, నేను ఇది చేస్తా, ఎందుకంటే ఇది.’ గట్టిగానే చెప్పాలి. మనసులో అనుకుంటే తరవాత జరిగింది చూసి, నేనూ అదే అనుకున్నానని నన్ను నేనే నమ్మించుకుంటా. నోటితో చెప్పాక తప్పించుకునే వీలుండదు. మా అమ్మ మొదట ఎవరితో మాట్లాడుతున్నానని కంగారుపడింది. ఇప్పుడు అలవాటైంది.

టెక్కెన్ 8లో ఇంకో సౌకర్యం ఉంది. రీప్లే మధ్యలో ఆపి, అక్కడి నుంచి కంట్రోల్ మనమే తీసుకుని ఆడొచ్చు. కాళ్ల మీదికి వచ్చే దెబ్బను నేను కూర్చుని బ్లాక్ చేయాల్సిన చోట నిలబడి తిన్నానా, అదే చోటికి వెళ్లి మళ్లీ మళ్లీ ఆడతా. అక్కడ డమ్మీ స్లాట్లు ఎవరూ రికార్డ్ చేయనక్కర్లేదు, నన్ను ఓడించిన మనిషే డమ్మీ. కాజీపేట అన్న అడిగిన మనిషి అలవాటు కొంతైనా అందులో ఉంటుంది.

ఇంకోటి: ఒకసారి ఎదుటివాళ్ల వైపు కూర్చుని కూడా చూడాలి. నన్ను నేను శత్రువుగా చూసిన రోజు తెలిసింది, స్ట్రింగ్ (ఒకదాని వెంట ఒకటి వచ్చే దెబ్బల వరస) మొదలుపెడితే బ్లాక్ అయినా చివరిదాకా కొట్టేస్తానని. దాన్ని పనిష్ చేయడం ఎంత తేలికో.

సుబేదారి_కెన్ · రెండు వారాల తరవాత, ఆదివారం రాత్రి 10:30

జరిగింది దాచకుండా రాస్తున్నా.

లిలీ అక్క చెప్పినట్టు మూడు ఓడిన మ్యాచ్‌లు నోట్‌బుక్ పెట్టుకుని చూశా. మూడింటిలో కలిపి పదకొండు సార్లు కింద పడ్డా. తొమ్మిది సార్లు లేవగానే టెక్ కొట్టా. అందులో ఆరు సార్లు షిమ్మీ తిన్నా. ఎదుటివాళ్లు ముగ్గురూ వేరు వేరు మనుషులు. అయినా ముగ్గురూ మొదటి రౌండ్‌లోనే నన్ను చదివేశారు. అది చూసినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఏడు నెలలుగా నేను కాంబోలే ప్రాక్టీస్ చేశా, ఒక్కసారి కూడా ఇది చూడలేదు.

సార్ చెప్పిన పాచిక ఆట మొదలుపెట్టా. రూమ్మేట్ లూడో బోర్డు నుంచి పాచిక తీసుకున్నా. మొదటి రెండు రోజులు చాలా కష్టం. నాలుగు వచ్చినా చేయి టెక్ కొట్టేది. మూడో రోజు నుంచి చేయి ఆగింది. మ్యాచ్‌లో గడియారం చూడటం ఇంకా పూర్తిగా కుదరలేదు, మూడింట ఒకసారి మర్చిపోతున్నా. కానీ త్రో తింటే ఇప్పుడు గాభరా లేదు. అది నేను ఒప్పుకున్న 1200 అనిపిస్తుంది.

గైల్ అన్నా, నీ స్లాట్ల దగ్గర ఒక ప్రశ్న. ఎగురు మాత్రమే అరగంట, తరవాత ఇంపాక్ట్ మాత్రమే అరగంట చేస్తే ఆ రోజు బాగా వస్తుంది. అన్నీ కలిపి చేస్తే ఆ రోజంతా చెత్తగా వస్తుంది. ఏది సరైనది?

గోదావరిఖని_గైల్ · ఆదివారం రాత్రి 11:50

పదకొండులో తొమ్మిది అని లెక్కపెట్టి రాయడమే సగం పని తమ్మీ. చాలా సంతోషం.

కలిపి చేయడమే సరైనది. ఆ రోజు చెత్తగా వస్తుంది, తరవాత నిలుస్తుంది. షే, మోర్గన్ అనే ఇద్దరు 1979లో చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పనిని వరసగా చేసినవాళ్లు ప్రాక్టీస్ అప్పుడు బాగా చేశారు. పనుల్ని కలగలిపి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు. కొన్ని రోజుల తరవాత మళ్లీ పరీక్ష పెడితే కలగలిపి చేసినవాళ్లదే పైచేయి. కారణం సులభం. వరసగా చేస్తే చేయి ఒకసారి తయారై అలాగే ఉంటుంది. కలిపితే ప్రతిసారీ ‘ఇది ఏది, దీనికి ఏది’ అని మళ్లీ వెతుక్కోవాలి. మ్యాచ్‌లో చేసేది ఆ వెతుకులాటే కదా. కొత్త పని అయితే మొదటి పది నిమిషాలు విడిగా చెయ్యి, వేలికి అలవాటు కావడానికి. ఆ తరవాత కలిపెయ్.

కాజీపేట_జంక్షన్ · సోమవారం ఉదయం 6:20

తమ్ముడి పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను. నా మాట కొంత మార్చుకుంటున్నా.

2004 ఇవోలో డైగో ఉమెహారా, జస్టిన్ వాంగ్ మ్యాచ్ మనందరం చూసిందే. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్‌లో డైగో ఆడిన కెన్‌కి ప్రాణం చుక్క మాత్రమే ఉంది, బ్లాక్ చేసినా పోతుంది. జస్టిన్ ఆడిన చున్-లీ సూపర్ (పెద్ద దాడి) 15 దెబ్బల్నీ ప్యారీ చేసి, అంటే సరిగ్గా తగిలే క్షణానికి నష్టం లేకుండా ఆపి, తిరిగి కొట్టి గెలిచాడు. నేను ఎప్పుడూ ఆ చేతుల్నే చూసేవాణ్ని. కానీ మొదటి ప్యారీ, సూపర్ వెలుగు చూశాక నొక్కితే ఆలస్యమైపోతుంది. జస్టిన్ ఇప్పుడు సూపర్ వేస్తాడని డైగో ముందే నమ్మి నొక్కాడు. ఆ నమ్మకం ఎదుట మనిషిని చదవడం వల్ల వచ్చింది. మిగిలిన పద్నాలుగు చేతులకు అలవాటైన పని. చేతుల గురించి ఆలోచించాల్సిన పని లేదు కాబట్టే మనిషిని చూడటానికి ఆయనకు తీరిక దొరికింది.

నా వయసు వాళ్లకు ఇంకో మాట. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీగా ఉంది. బంగారం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకి అప్పటికి 44 ఏళ్లు. ఇరవై ఏళ్ల పిల్లల వేళ్ల కంటే ఆయన వేళ్లు వేగం కాదు కదా. నేను కూడా ఈ రోజు నుంచి స్లాట్లు రికార్డ్ చేస్తున్నా.

కరీంనగర్_రైడర్ · సోమవారం ఉదయం 8:00

కాజీపేట అన్న స్లాట్లు రికార్డ్ చేయడమా! ఇది చదివి నా రోజు బాగుంది.

సుబేదారి_కెన్ · శుక్రవారం రాత్రి 9:15

నిన్న సాయంత్రం గాలివానకు మా వైపు కరెంట్ పోయి మూడు గంటలు రాలేదు. ల్యాప్‌టాప్ చార్జింగ్ కూడా లేదు. కొవ్వొత్తి దగ్గర కూర్చుని సార్ చెప్పిన నాలుగు గళ్లు మళ్లీ వేశా. ఈసారి లేవగానే వచ్చే దెబ్బ, నా షోర్యూకెన్ కూడా కలిపా. షోర్యూకెన్‌ని బ్లాక్ చేస్తే నాకు ఎంత నష్టమో తెలియక అక్కడ ఆగిపోయా. కరెంట్ వచ్చాక ట్రైనింగ్ మోడ్‌లో ఆ అంకె కొలిచి రాసుకున్నా. ట్రైనింగ్ మోడ్‌కి ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లడం నాకు ఇదే మొదటిసారి.

సార్, మూడు దారులకు మూడు దారులు పెడితే సమీకరణం ఎలా వేయాలో చెప్తారా?

వడ్డేపల్లి_లెక్కలు · శుక్రవారం రాత్రి 9:50

చెప్తాను బాబూ. కానీ ఇక్కడ రాస్తే పొడుగవుతుంది, గళ్లు గీసి చూపించాలి. నువ్వు కాగితం తీసుకుని వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గరికి రాగలవా? ఆదివారం పొద్దున నడకకు వస్తాను.

కాజీపేట_జంక్షన్ · శుక్రవారం రాత్రి 10:10

సార్, కట్ట మీద లెక్కలు అయ్యాక అందరూ మా ఇంటికి రండి. కాజీపేట దగ్గరే కదా. ముందు గదిలో టీవీ ఉంది, గేమ్ మోడ్ పెట్టే ఉంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటే తమ్ముడి ఏడింట రెండు ఎంతవరకు నిలుస్తుందో నేను చూస్తాను.

గోదావరిఖని_గైల్ · శుక్రవారం రాత్రి 11:30

ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. రామగుండంలో పొద్దున బండి ఎక్కితే కాజీపేటలో దిగుతా. నా కంట్రోలర్ నేనే తెచ్చుకుంటా. కెన్ తమ్మీ, నువ్వు పాచిక తీసుకురా.

సుబేదారి_కెన్ · శుక్రవారం రాత్రి 11:34

వస్తున్నా అన్నా. పాచిక, నోట్‌బుక్ రెండూ తెస్తా. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఈ ఆట ఆడటం నాకు ఇదే మొదటిసారి.